రాజలింగు సాక్ష్యం

జంపఖానా ఒక్కరు నేసేది కాదు. మగ్గం ముందు పలక మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. పేక నూలు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోవాలి. వేసిన పేకను ఇనుప పళ్ళున్న పంజాతో ఇద్దరూ ఒక్క తీరుగా కొట్టాలి. ఒకరు గట్టిగా, ఒకరు మెల్లగా కొడితే బట్ట ఒక పక్కకు గుంజుకుపోతుంది. వరంగల్ కొత్తవాడలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. అందుకే అక్కడ అన్నదమ్ములో ఆలుమగలో ఒక పలక మీద కూర్చుంటారు.

రాజలింగు, సరోజన పెళ్ళయిన ఏడాది నుంచి ఒకే పలక మీద కూర్చున్నారు. వాళ్ళు నేసిన జంపఖానా వంకర పోయిందని, నూలు ఇచ్చి నేయించుకునే పాండురంగం సేటు ఎన్నడూ వాపసు పంపలేదు. 1979 చలికాలంలో మొదటిసారి పంపాడు.

"రాజలింగూ, ఎడమ పక్క బెత్తెడు గుంజింది, చూడు," అని సేటు దాన్ని అరుగు మీద పరిచి చూపించాడు. "మొగడు పెండ్లాలకు లడాయి అయిందా ఏంది?"

"లడాయి ఏం లేదు సేటూ. చూసుకోలే," అని రాజలింగు నవ్వాడు.

సరోజన నవ్వలేదు. ఎడమ పక్క ఆయనది. అది ఎందుకు గుంజిందో ఆమెకు తెలుసు. వానాకాలం పోయినప్పటి నుంచి ఆయన పంజా చప్పుడు మారింది. ఇంతకుముందు పేకను సర్ది కొట్టేవాడు. ఇప్పుడు బాదుతున్నాడు. ఆ దెబ్బకు సమంగా తనూ కొట్టాలని ఆమె చూసింది. రెండు రోజులకు రెక్క లేవలేదు.

ఆ వానాకాలంలోనే వాళ్ళ బిడ్డ చనిపోయింది.

ఒక్కతే బిడ్డ. పేరు యూనీకె. బైబిల్లోంచి తీసి ఆ పేరు పెట్టింది పాస్టరు జీవరత్నం. వాడకట్టు వాళ్ళకు నోరు తిరగక నీకమ్మ అని పిలిచేవాళ్ళు. ఆరో తరగతి చదివేది. శుక్రవారం బడి నుంచి జ్వరంతో వచ్చింది. ఆదివారం ఫిట్స్ వచ్చాయి. మంగళవారం పొద్దున మిషన్ దవాఖానలో పోయింది. మెదడువాపు అన్నారు.

రాజలింగు పెళ్ళికి ముందే బాప్తిస్మం తీసుకున్నాడు. సంఘంలో ఆయన పేరు దేవసహాయం. కొత్తవాడలో మాత్రం రాజలింగే. చిన్న సంఘం అది, పెంకుటింట్లో ఆరాధన. రాజలింగు ఆ సంఘానికి పెద్ద. ఏ విశ్వాసి ఇంట్లో చావు జరిగినా ముందు పోయేది ఆయనే. పోయి, ఆడవాళ్ళ ఏడుపు ఆపి, పాట ఎత్తుకునేవాడు. పరలోకం ఉందని నమ్మినవాళ్ళు ఆశ లేనివాళ్ళలా ఏడవకూడదన్నది ఆ సంఘంలో నియమం. ఎవరూ రాసి పెట్టలేదు గాని అందరూ పాటించేవాళ్ళు.

బిడ్డను ఇంటికి తెచ్చిన రోజు పక్కింటి మల్లక్క పరుగున వచ్చింది. ఆమె విశ్వాసి కాదు. నీకమ్మను ఎత్తుకుని పెంచిన మనిషి. బిడ్డ కాళ్ళు పట్టుకుని శోకం మొదలుపెట్టింది. రాజలింగు ఆమె దగ్గరికి వెళ్ళి వంగాడు.

"అక్కా, మా ఇంట్ల ఏడ్వద్దు. బిడ్డ ప్రభువు దగ్గరికి పోయింది."

"ప్రభువు కాడికే పోయింది తమ్మీ. నేను కాదంటాన్నా? మన కాడ లేదు గదా. దానికి ఏడుస్తాన."

"ఏడ్వద్దక్కా."

"మరి కడుపులున్నది ఏడికి పోవాలె?"

రాజలింగు లేచి నిలబడి పాట ఎత్తుకున్నాడు. సంఘం అందుకుంది. సమాధి దగ్గర మట్టి వేసేదాకా ఆయన గొంతు ఆగలేదు. కళ్ళు తడవలేదు.

తరువాతి ఆదివారం సాక్ష్యాల వేళ ఆయన లేచాడు. దేవుడు తమకు చేసిన మేలు గురించి ఎవరైనా లేచి చెప్పే వేళ అది. "నా బిడ్డ ప్రభువు దగ్గరుంది. నా మనసుల చింత లేదు, దుఃఖం లేదు. ఆయన ఇచ్చిన సమాధానం, శాంతి ఉంది," అని కూర్చున్నాడు. సంఘం స్తోత్రం చెప్పింది. మగవాళ్ళలో కొందరు ఏడ్చారు. పాస్టరు జీవరత్నం ఆ రోజు ప్రసంగం మానేసి, ఇంతకు మించి తాను చెప్పగలిగేది లేదన్నాడు.

ఆ మాట బయటికి పోయింది. పరకాల సంఘం వాళ్ళు పిలిచారు. తరువాత నర్సంపేట వాళ్ళు పిలిచారు. ఎక్కడ ఎవరింట్లో పిల్లలు పోయినా దేవసహాయం గారిని తీసుకురమ్మని జీవరత్నానికి కబురు వచ్చేది. రాజలింగు మగ్గం ఆపి బస్సెక్కేవాడు. అదే సాక్ష్యం చెప్పేవాడు. తిరిగి వచ్చిన రోజు అన్నం ముట్టేవాడు కాదు. నెత్తి నొస్తోందని తువ్వాల బిగించి కట్టుకునేవాడు.

సరోజన ఏడవడానికి మల్లక్క ఇంటికి పోయేది. మల్లక్క తలుపు దగ్గరికి వేసి, తను కూడా కూర్చునేది. ఇద్దరూ ఏడ్చాక మల్లక్క గంజి పోసి ఇచ్చేది.

"నువ్వు నా తాన బరువు దించుకుంటానవు. ఆయన ఎవరి తాన దించుకుంటాండే?" అని ఒకరోజు అడిగింది.

"ఆయన దించుకోడక్కా. పెద్దమనిషి గదా."

"పెద్దమనిషైతే ఏంది, పేగులుండయా?"

సంక్రాంతి పోయిన వారం మగ్గం మీద ఉండగా రాజలింగు ముక్కులోంచి నెత్తురు కారింది. పడుగు మీద చుక్కలు పడ్డాయి. ఆయన తువ్వాలతో ముక్కు మూసుకుని వేడి చేసిందన్నాడు. తువ్వాల సగం తడిసింది. నెత్తురు ఆగలేదు. సరోజన రిక్షా పిలిపించి మిషన్ దవాఖానకు తీసుకుపోయింది. బిడ్డను తీసుకుపోయిన దవాఖాన అదే. గేటు దగ్గర ఆయన ఒక్క క్షణం ఆగాడు. మళ్ళీ నడిచాడు.

డాక్టరమ్మది గుంటూరు వైపు. ముక్కులో దూది పెట్టి నెత్తురు ఆపింది. చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి చూసింది. మళ్ళీ కొట్టి చూసింది.

"బీపీ రెండు వందలు దాటింది. నిద్ర పడుతోందా?"

"మంచిగనే పడుతది."

"పట్టదమ్మా. గోడకు ఆనుకొని కూసుంటడు," అంది సరోజన.

"ఇంట్లో ఏమైనా బాధ ఉందా?"

"ఏం లేదు," అన్నాడు రాజలింగు.

"బిడ్డ పోయిందమ్మా. మీ దవాఖానలనే," అంది సరోజన.

డాక్టరమ్మ చేతిలో కలం కింద పెట్టింది. రాజలింగు ఆమె వైపు చూడకుండా, "నా మనసు మంచిగుంది. ప్రభువు సమాధానం ఇచ్చిండు," అన్నాడు.

"నేనూ ప్రభువును నమ్మినదాన్నే," అంది డాక్టరమ్మ. "ఒక్క దుఃఖం వల్లనే ఇది వచ్చిందని చెప్పను. మీ నాన్నకు ఉండి ఉండొచ్చు. ఉప్పు ఎక్కువై ఉండొచ్చు. కానీ మనిషి లోపల బిగబట్టుకుని కూర్చుంటే నిద్ర పట్టదు, గుండె మీద బరువు పడుతుంది, నెత్తురు ఒత్తిడి పెరుగుతుంది. నరాలు ఎంతకాలం ఓర్చుకుంటాయి? ఈ గోలీలు రోజూ వేసుకోండి. ఒక్కరోజు కూడా మానకూడదు. ఎవరి దగ్గరన్నా కూర్చుని ఏడవండి."

"ఏడ్చుడు అవిశ్వాసం గదమ్మా."

"ఎవరు చెప్పారు మీకు?"

"నేనే చెప్తుంటనమ్మా, అందరికి."

ఇంటికి వచ్చాక రాజలింగు గోలీల పొట్లం దూలం సందులో పెట్టాడు. రెండో రోజు కూడా అది అక్కడే ఉంది. సరోజన తీసి చేతికిచ్చింది. ఆయన తీసుకోలేదు.

"ఆదివారం సంఘం ముంగట నా మనసుల చింత లేదని చెప్తాన. సోమవారం చింతకు గోలీ మింగాల్నా? నా నోటి మాట ఏం గావాలె?"

"అది బీపీ గోలీ. చింతకు గాదు."

"బీపీ ఎందుకొచ్చిందో డాక్టరమ్మ చెప్పలేదా? నువ్వు వినలేదా?"

సరోజన పొట్లాన్ని మళ్ళీ దూలం సందులో పెట్టింది. డాక్టరమ్మ ఆ మాట చెప్పకుండా ఒట్టి గోలీలు ఇచ్చి పంపి ఉంటే ఆయన వేసుకునేవాడు. పంటి నొప్పికి, జ్వరానికి వేసుకునేవాడే. నిజం చెప్పబట్టి వేసుకోలేదు.

ఆమె జీవరత్నం దగ్గరికి పోయింది. ఆయన వెంటనే రాజలింగును పిలిపించాడు. "మందు వద్దని నేను ఎన్నడన్నా చెప్పిన్నా దేవసహాయం? నేను షుగరుకు గోలీలు వేసుకుంటలేనా?" అని కోప్పడ్డాడు. రాజలింగు సరే అయ్యగారూ అన్నాడు. పొట్లం కదలలేదు. సరోజన గోలీని నూరి మజ్జిగలో కలిపి ఇచ్చింది. రెండు రోజులు తాగాడు. మూడో రోజు గ్లాసు అడుగున పొడి చూసి గ్లాసు కింద పెట్టాడు.

"నన్ను అబద్ధికున్ని చేస్తానవా?" అన్నాడు. గొంతు పెంచలేదు. ఆ రోజు నుంచి ఆయన మజ్జిగ మానేశాడు.

శుభ శుక్రవారం ఆరాధన మధ్యాహ్నం మొదలై పొద్దు వాలేదాకా సాగింది. బడిపంతులు కొమురెల్లి లేఖనం చదివాడు. సరోజనకు చదువు రాదు. ఏటా విన్న భాగమే అయినా ఆ ఏడు ఆమె మాట మాటా విన్నది. సిలువకు ముందు ప్రభువు తోటలోకి పోయాడు. ముగ్గురు శిష్యులను వెంట తీసుకుపోయాడు. ప్రాణం పోయేంత దుఃఖంగా ఉందని వాళ్ళకు చెప్పాడు. తనతో మేలుకుని ఉండమని అడిగాడు. వాళ్ళు నిద్రపోయారు. ఆయన చెమట నెత్తురు చుక్కల్లా నేల మీద పడింది.

సరోజన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మగవాళ్ళ వైపు చూసింది. రాజలింగు ముందు వరసలో తల వంచుకుని కూర్చున్నాడు.

మరునాడు మగ్గం మీద ఆమె మాట ఎత్తింది.

"నిన్న కొమురెల్లి సారు చదివింది విన్నవా?"

"విన్న."

"ప్రభువు చెప్పుకున్నడు గదా. నాకు దుఃఖమైతాంది, నా తాన కూసోండ్రి అని దోస్తులకు చెప్పుకున్నడు. ఆయనకు విశ్వాసం లేకనా?"

రాజలింగు పేక వేశాడు. పంజా కొట్టాడు. "ఆయన లోకం పాపం మోసిండు. దానికి అయింది ఆ దుఃఖం."

"నువ్వు బిడ్డను మోసినవు. నీ ఒక్క భుజం మీద మోసుకపోయినవు. నాకు చెప్పయ్యా. సంఘానికి చెప్పకు. నాకొక్కదానికి చెప్పు."

పంజా ఆగింది. ఆయన ఆమె వైపు తిరిగాడు. పెదవి కదిలింది. వాకిట్లో ఎవరో వందనాలన్నా అని పిలిచారు. జీవరత్నం పంపిన మనిషి. రాజలింగు లేచి పోయాడు.

కబురు ములుగు నుంచి. పోశయ్య, మొగిలమ్మ అని కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన జంట అక్కడుంది. కూలి చేసుకునే మనుషులు. వాళ్ళ కొడుకు ఇప్పపూలు ఏరడానికి అడవికి పోయి పాము కరిచి చనిపోయాడు. దేవున్ని మార్చినందుకే ఇట్లయిందని చుట్టాలు తిడుతున్నారు. దేవసహాయం సాక్ష్యం వింటే వాళ్ళు నిలబడతారని అక్కడి సంఘం అడిగింది.

సరోజన మళ్ళీ పాస్టరు ఇంటికి పోయింది.

"అయ్యగారూ, ఆయనను పంపకుండ్రి. పోయొచ్చినప్పుడల్లా ఆయన సగమై వస్తాండు."

"ఆ తల్లి అన్నం మానేసిందమ్మా," అన్నాడు జీవరత్నం. "ఆమెను నేనేం చెప్పి లేపాలె? నాకు పోయిన పిల్లలు లేరు."

సరోజనకు మొగిలమ్మ ఎవరో తెలియదు. అయినా కాదనలేకపోయింది. తను కూడా వస్తానంది.

మే నెలలో పోయారు. ములుగు బస్టాండు వెనక టార్పాలిన్ కట్టారు. సాయంత్రం నాలుగింటికే ప్రార్థన కూటం పెట్టారు. మొగిలమ్మను ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకొచ్చి ముందు కూర్చోబెట్టారు. ఆమె ఎవరినీ చూడడం లేదు. చాప పీచులు గిల్లుతోంది. సరోజన పోయి ఆమె పక్కన కూర్చుంది.

రాజలింగు కుడి చేత్తో గుంజ పట్టుకుని నిలబడ్డాడు. పొద్దుటి నుంచి ఆయన ముఖం ఎర్రగా ఉంది. బస్సులో రెండుసార్లు నీళ్ళు అడిగాడు.

"నా బిడ్డ ప్రభువు దగ్గరుంది," అని మొదలుపెట్టాడు. "నా మనసుల చింత లేదు, దుఃఖం..."

"అన్నా, జర ఆగు."

అన్నది మొగిలమ్మ. తల ఎత్తి ఆయన్ను చూస్తోంది. పోశయ్య ఆమె భుజం పట్టుకున్నాడు. ఆమె విదిలించుకుంది.

"నాకు ఒక్కటి చెప్పు అన్నా. నీకు ఏడుపు రాలేదా? ఒక్క దినం గూడ రాలేదా? నాకొక్కదానికే వస్తాందా? నాకు వస్తే నేను దేవుని మనిషిని గానా?"

రాజలింగు మొగిలమ్మను చూశాడు. ఆమె పక్కనున్న సరోజనను చూశాడు. నోరు తెరిచాడు. "వచ్..." అన్నాడు. మళ్ళీ, "వ..." అన్నాడు. నోటి కుడి మూల కిందికి జారింది. గుంజ మీది చెయ్యి జారింది. ఆయన మోకాళ్ళ మీద పడి, కుడి పక్కకు ఒరిగాడు.

జీపులో వరంగల్‌కు తెచ్చారు. దారి పొడుగునా ఆయన తల సరోజన ఒళ్ళో ఉంది. మొగిలమ్మ కూడా జీపెక్కింది. ఎవరు దించినా దిగలేదు. ఆయన పాదాలు ఒళ్ళో పెట్టుకుని, "నేను అడుగకపోతే ఇట్ల కాకపోవు," అని అదే మాట అంటూ వచ్చింది.

"నువ్వు అడుగవట్టే నోరు తెరిసిండు," అంది సరోజన. "నేను ఎన్ని దినాలు అడిగినా తెరువలే."

ప్రాణం నిలిచింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. మెదడులో నరం చిట్లిందని డాక్టరమ్మ చెప్పింది. గోలీలు వేసుకున్నాడా అని ఆమె అడగలేదు. సరోజన ముఖం చూసి ఊరుకుంది.

వారం తరువాత ఏడుపు మొదలైంది. నర్సు మంచం దగ్గరికి వస్తే ఏడ్చేవాడు. గంజి చెంచా నోటి దగ్గర పెడితే ఏడ్చేవాడు. కిటికీ మీద కాకి వాలినా ఏడ్చేవాడు. చప్పుడు లేని ఏడుపు కాదు. గొంతు చించుకుని, ఛాతీ ఎగిరెగిరి పడేట్టు ఏడ్చేవాడు. పక్క మంచాల వాళ్ళు లేచి కూర్చునేవాళ్ళు. ఉన్నట్టుండి ఆగిపోయేది.

సరోజన డాక్టరమ్మను అడిగింది. "బిడ్డ కోసం ఏడుస్తాండా అమ్మా?"

డాక్టరమ్మ ఆమెను వరండాలోకి తీసుకుపోయింది. "పక్షవాతంలో కొందరికి ఇట్లా వస్తుంది సరోజనా. మెదడులో ఏడుపును ఆపే చోటు దెబ్బ తింటుంది. కారణం లేకుండానే వస్తుంది. మనసులో ఉన్నదానికీ దానికీ సంబంధం ఉండకపోవచ్చు."

"ఉండచ్చా?"

"ఉండొచ్చు. నాకు తెలియదు," అంది డాక్టరమ్మ.

ఇంటికి తెచ్చాక మంచం మగ్గం పక్కనే వేశారు. వేరే చోటు లేదు. సగం నేసిన జంపఖానాను పాండురంగం సేటు ఇంకో జంటకు ఇప్పించాడు. వాడకట్టులో ఆయన ఏడుపు అందరికీ వినబడేది. మొదట్లో తలుపుల దగ్గర నిలబడి చూసేవాళ్ళు. తరువాత ఎవరి పని వాళ్ళు చేసుకున్నారు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం అంతా ఆయన కోసం ప్రార్థన చేయడానికి వచ్చింది. ఇల్లు పట్టక కొందరు వాకిట్లో కూర్చున్నారు. వాళ్ళను చూడగానే రాజలింగు ఏడవడం మొదలుపెట్టాడు. వాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో చావు రోజున ఏడుపు ఆపింది ఆయనే. ఇప్పుడు ఆయన ముందు ఎటు చూడాలో వాళ్ళకు తెలియలేదు. ఒక ముసలామె స్తోత్రం, స్తోత్రం అని గొణిగింది.

జీవరత్నం మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "మన సహోదరుని చెయ్యి కోసం, కాలు కోసం ప్రార్థన చేద్దాం," అన్నాడు. "మాట రావాలని చేద్దాం. ఈ ఏడుపు ఆగి, మళ్ళీ ఆయనకు సమాధానం కలగాలని..."

"అయ్యగారూ," అంది సరోజన.

ఆమె సంఘంలో ఎన్నడూ గొంతెత్తిన మనిషి కాదు. అందరూ తిరిగి చూశారు.

"చెయ్యి కోసం చెయ్యుండ్రి. కాలు కోసం చెయ్యుండ్రి. మాట వచ్చినా రాకున్నా ప్రభువు దయ. ఏడుపు ఆగాలె అని మాత్రం అడుగకుండ్రి."

"అది జబ్బు అని డాక్టరమ్మ చెప్పింది కదమ్మా."

"చెప్పింది. జబ్బే కావచ్చు. నాకు తెల్వదు, ఆమెకూ తెల్వదు. ఆయనకు తెలుసు గని చెప్పలేడు. ఏడాది సంది నేను ఈ ఏడుపు కోసమే కాసుకొని కూసున్న అయ్యగారూ. ఇట్లనన్న వచ్చింది. ఆపకుండ్రి."

జీవరత్నం తల వంచి కళ్ళు మూసుకున్నాడు. "ప్రభువా," అన్నాడు. తరువాతి మాట కోసం సంఘం ఎదురుచూసింది. ఆయన మళ్ళీ "ప్రభువా" అన్నాడు. మాట రాలేదు. మంచం పట్టె మీద నుదురు ఆనించాడు. ఆయన వీపు కదలడం వెనక కూర్చున్నవాళ్ళకు కనిపించింది.

ఎవరూ పాట ఎత్తుకోలేదు. రాజలింగు ఏడుస్తూనే ఉన్నాడు. సరోజన మంచం మీద కూర్చుని ఆయన తల తన భుజానికి ఆనించుకుంది.